నాదస్వర తపస్వి షేక్ చినమౌలానా సాహెబు

వాద్యాలలో కొన్ని ఇంటి వాద్యాలు, కొన్ని వీధి వాద్యాలు. వీణ ఇంటి వాద్యం. పక్కన ఇద్దరు మాట్లాడుకుంటే చాలు, దాని నాదం మరుగున పడిపోతుంది. సన్నాయి వీధి వాద్యం. పెళ్ళి ఊరేగింపు ఊరి మొదట ఉండగానే ఊరి చివరి ఇంటివారు తలుపు తీసి చూస్తారు. దేవుడు పల్లకి ఎక్కినాడన్న సంగతిని కోవెలకు రెండు వీధుల అవతల మంచం పట్టిన ముసలివారికి సైతం తెలియజేసేది సన్నాయే. ఆకాశమే పందిరిగా పుట్టిన వాద్యమిది. ఇటువంటి వాద్యానికి మైకుతో పని ఏమిటి?

ఇరవయ్యో శతాబ్దంలో ఆ పని పడింది. సంగీతం కోవెల వీధి నుండి సభామందిరానికి, అక్కడి నుండి రేడియో గదికి, గ్రామఫోను రికార్డుకు, కాసెట్టుకు తరలిపోయింది. దానితోపాటు తరలిపోలేని వాద్యం మూగబోవలసిన పరిస్థితి వచ్చింది. ఆ తరలింపు కాలంలోనే ఒక తెలుగు పల్లెలో పుట్టి, కావేరీ తీరం దాకా నడిచి వెళ్ళి, అక్కడి విద్యను తనదిగా చేసుకున్న మహావిద్వాంసుడు షేక్ చినమౌలానా సాహెబు. వారి జీవితాన్ని మా విద్యార్థులకు పరిచయం చేయడం ఈ వ్యాసం ఉద్దేశం. దానితోపాటు వారి వాద్యాన్ని మైకు ముందు ఎట్లా నిలపాలి అన్న విషయాన్ని కూడా మేము కొంత చర్చింపదలచినాము. ఈ రెండూ సంబంధం లేని విషయాలుగా తోచవచ్చును. కాని వాయించేవారు కన్నుమూసిన తరువాత లోకానికి మిగిలేది శిష్యులు, రికార్డులు మాత్రమే. శిష్యుడు గురువును కొంత మార్చుకుంటాడు, అది సహజం. రికార్డు కూడా మార్చుతుంది. ఆ సంగతి చాలామందికి తెలియదు.

వంశం, బాల్యం

చినమౌలానా సాహెబు 1924వ సంవత్సరం మే 12వ తేదీన కరవది గ్రామంలో జన్మించారు. ఒంగోలుకు సమీపంలోని ఈ గ్రామం అప్పుడు గుంటూరు జిల్లాలోనిది. 1970లో ఒంగోలు ముఖ్యపట్టణంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. దానికే తరువాత ప్రకాశం జిల్లా అని పేరు వచ్చింది. వారిది తరతరాలుగా నాదస్వరాన్నే నమ్ముకున్న ముస్లిం కుటుంబం. తండ్రి కాశిం సాహెబే తొలి గురువు.

మన నల్లగొండ ప్రాంతపు పాఠకులకు ఇది కొంత వింతగా తోచవచ్చును. మన పల్లెలలో సన్నాయి, డోలు ఎక్కువగా నాయీబ్రాహ్మణుల చేతిలోని విద్య. గుంటూరు, ప్రకాశం జిల్లాలలో మాత్రం ఎన్నో ముస్లిం కుటుంబాలు కూడా నాదస్వరాన్ని వృత్తిగా స్వీకరించాయి. శ్రీరామనవమి పందిళ్ళలో, కల్యాణోత్సవాలలో, రథోత్సవాలలో ఆ మేళాలే మ్రోగేవి. దేవుని ముందు త్యాగరాజ కీర్తన వాయించి వచ్చి ఇంట నమాజు చేసుకోవడం వారికి వింత కాదు. ఊరివారికీ వింత కాదు. హిందువుల పంచాంగంలోని ముహూర్తాలే ఆ ఇండ్లలో అన్నం పెట్టేవి. మతసామరస్యం గురించి మనం నేడు సభలలో చేసే ఉపన్యాసాలు వారికి అవసరపడలేదు. వారు దానిని వృత్తిగా బ్రతికినారు.

తండ్రి వద్ద విద్య కొంత సాగిన తరువాత చినమౌలానా సాహెబు చిలకలూరిపేటలోని షేక్ ఆదం సాహెబు వద్ద శిష్యరికం చేశారు. ఆ పరగణాలో నాదస్వర విద్యకు చిలకలూరిపేట పెట్టింది పేరు. అక్కడ కీర్తనలూ రాగాలూ క్షుణ్ణంగా నేర్చి, తెలుగునాట పేరున్న విద్వాంసులలో ఒకరైనారు. మరొకరైతే అంతటితో తృప్తిపడి ఉండేవారు.

వాద్య స్వరూపం

కథ ముందుకు సాగడానికి ముందు వాద్యం గురించి కొంత తెలుసుకోవలసి ఉన్నది. తెలుగులో మనం దీనిని నాదస్వరమంటాము. నాగస్వరమన్న పేరు కూడా శాస్త్ర గ్రంథాలలోనూ తమిళనాట వాడుకలోనూ ఉన్నది. కాని మన పల్లెలలో ఆ మాట అంటే పాములవాని బూర గుర్తుకు వస్తుంది. ఆచా అనే చెట్టు కలపతో దీని గొట్టాన్ని తొలుస్తారు. కొత్త కలప కంటె పాత ఇండ్లు పడగొట్టినప్పుడు దొరికే దూలాల కలప శ్రేష్ఠమని పనివారి నమ్మకం. ఏళ్ళ తరబడి ఎండి, ఇక వంగడమూ పగలడమూ లేని కలప అది. గొట్టం పైన సన్నగా మొదలై క్రిందికి వెడల్పవుతూ పోతుంది. చివర గంటవలె విచ్చుకున్న భాగం ఉంటుంది. వ్రేళ్ళతో మూసి తెరచేవి ఏడు రంధ్రాలు. క్రింది భాగంలో మరి ఐదు రంధ్రాలు ఉంటాయి. వాటిని వ్రేళ్ళు ముట్టవు. మైనంతో కొంత పూడ్చి శ్రుతిని సరిచూసుకోవడానికి అవి ఉన్నాయి. నోటిలో పెట్టుకునే పీకను ఒక రకమైన రెల్లుతో చేస్తారు. రెండు పలుచని రేకులు ఊపిరికి ఒకదానినొకటి తాకుతూ వణకడమే నాదానికి మూలం.

ఇందులో హార్మోనియంలోవలె సిద్ధంగా ఉన్న స్వరాలు లేవు. రంధ్రాన్ని సగం మూసి, పావు మూసి, పెదవితో పీకను బిగించి, సడలించి, ఊపిరిని పెంచి, తగ్గించి వాద్యకారుడు ప్రతి స్వరాన్నీ అప్పటికప్పుడు తయారు చేసుకోవలసిందే. గమకమంతా ఊపిరిలోనూ పెదవిలోనూ ఉన్నది. నాలుకతో నాదాన్ని తెంపి పలికించే పద్ధతిని తుత్తుకారమంటారు. తెంపకుండా గొంతువలె సాగదీయడం మరొక పద్ధతి. ఇంత పెద్ద నాదంలో ఇంత సూక్ష్మమైన పని దాగి ఉండటమే ఈ వాద్యపు గొప్పతనం. దానిని మైకు ముందు నిలపడంలోని కష్టమంతా కూడా అదే.

తంజావూరు పిలుపు

చినమౌలానా సాహెబు యువకుడుగా ఉన్న కాలంలో నాదస్వర లోకాన్ని ఏలినవారు తిరువావడుదురై రాజరత్నం పిళ్ళై (1898–1956). అంతకు ముందు తిమిరి అనే పొట్టి వాద్యం వాడుకలో ఉండేది. దాని శ్రుతి హెచ్చు, నాదం తీక్ష్ణం. రాజరత్నం పిళ్ళై బారి అనే పొడుగు వాద్యాన్ని ప్రచారంలోకి తెచ్చారు. నరసింగంపేట శిల్పి రంగనాథన్ ఆచారి చేతిలో అది కుదురుకున్నది. శ్రుతి తగ్గింది, నాదం గంభీరమైంది. వీధికే పరిమితమైన వాద్యం గదిలో కూర్చుని వినదగినదైంది. అంతవరకు ఊరేగింపులలో నిలబడి వాయించవలసిన నాదస్వర విద్వాంసుడు గాయకునివలె వేదికపై కూర్చుని వాయించే గౌరవాన్ని కూడా ఆయన పట్టుబట్టి సాధించారు. నరసింగంపేట నాదస్వరానికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించడం ఆ శిల్పుల పనికి ఆలస్యంగా దక్కిన గౌరవం.

ఇక్కడ రికార్డుల చరిత్రను కొంత చెప్పక తప్పదు. గ్రామఫోను కంపెనీవారు 1902లో కలకత్తాకు వచ్చి మన సంగీతాన్ని రికార్డు చేయడం ప్రారంభించారు. 1925 వరకు రికార్డింగులో మైకు అనేది లేదు. పెద్ద కొమ్ము వంటి గొట్టం ముందు కూర్చుని బిగ్గరగా పాడాలి. ఆ గాలి ఒత్తిడికే సూది కదిలి మైనంపై గీత గీసేది. ఆ కొమ్ము ముందు వీణ పేదరాలు, సన్నాయి మహారాణి. 1925 తరువాత విద్యుత్తు మైకు వచ్చి ఈ వరుసను తలక్రిందులు చేసింది. మెల్లగా పాడే గొంతు, మెల్లగా మ్రోగే వీణ వేలమందికి వినబడసాగాయి. ఏ సహాయమూ లేకుండా ఊరంతటికీ వినబడే సన్నాయి మాత్రం గదిలో చెవులు మూసుకొనదగిన వాద్యమన్న అపవాదు పొందింది. పెద్ద గొంతు ఒకనాడు దాని ఐశ్వర్యం. మైకు వచ్చిన తరువాత అదే దాని నేరమైంది.

మరొక ఇబ్బంది కాలానిది. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ రికార్డులో ఒక వైపున పట్టేది మూడు నిమిషాల పైచిలుకు మాత్రమే. ఉత్సవపు రాత్రి గంటల తరబడి సాగే రాగాన్ని ఆ కొద్ది నిమిషాలలో చెప్పవలసి వచ్చేది. అయినప్పటికీ రాజరత్నం పిళ్ళై తోడి రాగం రికార్డు ద్వారా దక్షిణ దేశమంతటా వ్యాపించింది. రేడియో కూడా తోడైంది. మద్రాసు కేంద్రం 1938లో, తిరుచ్చి కేంద్రం 1939లో, విజయవాడ కేంద్రం 1948లో ప్రారంభమైనాయి. మన హైదరాబాదులో నిజాం ప్రభుత్వపు రేడియో 1935లోనే మొదలై, 1950లో ఆకాశవాణిలో కలిసింది. ఊరు దాటి వెళ్ళకుండానే మరొక ప్రాంతపు బాణీని వినగలిగిన మొదటి తరం అది.

వినడం వేరు, నేర్వడం వేరు. తంజావూరు బాణీ రాగాలాపనకు ప్రసిద్ధి. ఒక్కొక్క స్వరం దగ్గర నిలిచి, దాని చుట్టూ తిరిగి, తొందరలేకుండా రాగాన్ని విప్పుకుంటూ పోయే పద్ధతి అది. చినమౌలానా సాహెబు ఆ బాణీని కోరి తంజావూరు మండలానికి వెళ్ళారు. నాచ్చియార్ కోవిల్ అనే ఊరిలోని రాజం, దురైకణ్ణు సోదరుల వద్ద శిష్యుడై నేర్చుకున్నారు. విద్య వచ్చిన మనిషి, భాష వేరు, దేశం వేరు, మతం వేరు. అక్కడికి వెళ్ళి మరల మొదటి మెట్టు నుండి ఎక్కడానికి సిద్ధపడ్డారు. ఆత్మగౌరవం గల కళాకారునికి ఇది తేలికయిన పని కాదు. తనకు తెలిసినది చాలదని గ్రహించడం సగం విద్య అయితే, ఆ గ్రహింపు వెంట నడిచి వెళ్ళడం మిగిలిన సగమని వారి జీవితం చెప్పుతున్నది.

మైకు ముందు నాదస్వరం

1878లో లండనులో హ్యూస్ అనే ఆచార్యుడు బొగ్గు ముక్కల ఒరిపిడితో పనిచేసే ఒక పరికరానికి మైక్రోఫోను అన్న పేరు స్థిరపరిచాడు. ఆయన యౌవనంలో అమెరికాలో సంగీతాచార్యుడుగా పనిచేసినవాడు కావడం విశేషం. బొగ్గు మైకు మాటకు సరిపోయింది గాని, సంగీతానికి చాలలేదు. దానిలో ఎప్పుడూ ఒక బుసబుస వినబడేది. 1916లో వెంటే అనే శాస్త్రజ్ఞుడు కండెన్సరు మైకు తయారు చేశాడు. అందులో బిగించిన పలుచని రేకు ఒకటి విద్యుత్తు నిండిన మరొక పలకకు ఎదురుగా కదులుతుంది. ఇది అతి సున్నితమైనది. చీమ చిటుక్కుమన్నా పట్టుకుంటుంది. 1930ల ప్రారంభంలో రెండు అయస్కాంతాల నడుమ పలుచని అల్యూమినియం పట్టీని వేలాడదీసిన రిబ్బను మైకు వచ్చింది. ఆ కాలంలోనే తీగచుట్ట అయస్కాంతంలో కదిలే డైనమిక్ మైకు కూడా వచ్చింది. మన సభలలో, పెళ్ళిళ్ళలో, ఎన్నికల మీటింగులలో మైకు సెట్టువారు తెచ్చేది ఎక్కువగా ఈ చివరిదే.

ఇందులో నాదస్వరానికి ఏది తగినది? ఖరీదైనది మంచిదని అనుకోవడం పొరపాటు. వాద్య స్వభావాన్ని బట్టి ఎంచుకోవాలి. నాదస్వరంలో మూలస్వరంపై పేరుకునే అనుస్వరాలు చాల ఎక్కువ. మనిషి చెవి మిక్కిలి చురుకుగా వినే భాగంలో వాటి బలం హెచ్చుగా ఉంటుంది. కండెన్సరు మైకులలో చాలవాటికి ఆ పై భాగాన్నే కొంత పెంచి చూపే గుణం ఉన్నది. వీణకు అది వెలుగు, నాదస్వరానికి అది కారం మీద కారం. రిబ్బను మైకు పై అంచును మెత్తబరుస్తుంది. అందువలన నాదస్వరపు గంభీరత నిలిచి, గరుకుతనం తగ్గుతుంది. కాని గాలి దెబ్బకు దాని పట్టీ సాగిపోతుంది గనుక ఆరుబయట వాడరాదు. డైనమిక్ మైకు పెద్ద నాదానికి బెదరదు, దుమ్ముకు ఎండకు ఓర్చుకుంటుంది; కాని సూక్ష్మమైన గమకపు అంచును కొంత మొద్దుబారుస్తుంది. బయట ఊరేగింపుకు డైనమిక్, గదిలో రిబ్బను, మంచి పెద్ద హాలులో దూరంగా నిలిపిన కండెన్సరు తగినవని స్థూలంగా చెప్పవచ్చును.

మైకు రకం కంటె దానిని పెట్టే చోటు ఇంకా ముఖ్యం. నాదస్వరంలో నాదం ఒకే చోటి నుండి రాదు. రంధ్రాలన్నీ మూసి వాయించిన స్వరం అడుగునుండి వస్తుంది. వ్రేళ్ళు ఒక్కొక్కటిగా లేచిన కొద్దీ నాదం తెరచిన రంధ్రాల నుండి వెలువడుతుంది. గంట నోటి ఎదుటనే మైకు పెడితే క్రింది స్వరాలు ఉరిమి, పై స్వరాలు దూరమవుతాయి. పదునైన అనుస్వరాలు సూటిగా వచ్చి గుచ్చుకుంటాయి. వ్రేళ్ళ దగ్గర పెడితే ఊపిరి సవ్వడి, పీక చిటపటలు ముందుకు వస్తాయి. వాద్యం నుండి నాలుగైదు అడుగుల దూరంలో, గంట చూపుకు కొంత ప్రక్కగా, వ్రేళ్ళకూ అడుగుకూ నడుమ గురిపెట్టి నిలిపితే అన్ని స్వరాలూ సమంగా వచ్చి కలుస్తాయి. వాద్యకారుడు రాగంలో లీనమై వాద్యాన్ని పైకెత్తుతాడు, అటూ ఇటూ తిప్పుతాడు. మైకు దగ్గరగా ఉంటే ఆ కదలికకు నాదం పెరిగి తరిగి ఊగుతుంది. దూరంగా ఉంటే ఆ కదలిక లెక్కకు రాదు.

ఇక డోలు సంగతి. దాని దెబ్బ నాదస్వరాన్ని కూడా మించి మైకులో దూరుతుంది. దీనికి ఉపాయం ఉన్నది. ముందు నుండి మాత్రమే వినే మైకుకు వెనుక భాగం చెవిటిది. ఆ వెనుక భాగాన్ని డోలువైపు త్రిప్పాలి. రిబ్బను మైకు ముందూ వెనుకా వింటుంది, రెండు ప్రక్కలా వినదు. కనుక డోలును దాని ప్రక్కకు వచ్చునట్లు కూర్చోబెట్టాలి. ఇట్లు చేస్తే యంత్రాలతో తగ్గించి పెంచే శ్రమ లేకుండానే రెండు వాద్యాలూ తమ తమ స్థానాలలో నిలుస్తాయి.

ఈ వివరాలు చినమౌలానా సాహెబు వాద్యం విషయంలో ఎందుకు ముఖ్యమంటే, వారి కళ బలం మీద నిలిచినది కాదు. ఆలాపనలో స్వరాన్ని నిండుగా పలికించి, క్రమంగా సన్నగిల్లజేసి, వినీవినబడనట్లు విడిచిపెట్టడం అందులోని సొగసు. మైకు మూతి దగ్గర పెట్టి, పెద్ద నాదానికి యంత్రం బెదరకుండా తగ్గించివేస్తే మొదట పోయేది ఆ సన్నని అంచే. దానితో మిగిలేది పెళ్ళి హడావిడి. వినేవాడు నాదస్వరమంటే ఇంతేనని అనుకుంటాడు. అది వాద్యం దోషం కాదు, మైకు పెట్టిన చేయి దోషం.

శ్రీరంగ వాసం

1960ల దశకంలో చినమౌలానా సాహెబు శ్రీరంగంలో స్థిరపడ్డారు. రంగనాథస్వామిపై వారికి గల భక్తి అందుకు కారణం. కావేరీ కొల్లిడం నదుల నడుమ ఉన్న ఆ ద్వీపంలో, ఏడు ప్రాకారాల కోవెల నీడలో, ముస్లింగా పుట్టి ముస్లింగానే జీవిస్తూ, దాదాపు మూడున్నర దశాబ్దాలు నాదోపాసన చేశారు. ఆ కోవెలలోనే తులుక్క నాచ్చియార్ సన్నిధి ఉన్నది. స్వామిని వలచి వచ్చిన ముస్లిం రాచకన్నెగా ఆమెను అక్కడి సంప్రదాయం ఆరాధిస్తుంది. ఆమె పేర స్వామికి రొట్టె నివేదన కూడా ఉన్నది. మన తెలుగువారికి బీబీ నాంచారి కథ తెలిసినదే. ఉగాదినాడు కడపలోని ముస్లిములు దేవుని కడప కోవెలకు వెళ్ళడం కూడా ఆ కథతో ముడిపడినదే. జాన్‌పహాడ్ ఉర్సుకు, పల్లెలలో పీర్ల పండుగకు కులమతాలు చూడకుండా తరలివెళ్ళే మన జిల్లా ప్రజలకు వీటిని విడమరచి చెప్పనవసరం లేదు.

ఉత్తరాదిన ఉస్తాద్ బిస్మిల్లా ఖాన్ (1916–2006) కాశీ విశ్వనాథుని ముంగిట షెహనాయి వాయించినట్లే, దక్షిణాదిన చినమౌలానా సాహెబు రంగనాథుని ముంగిట నాదస్వరం వాయించారని పోల్చడం పరిపాటి. పోలిక ఒప్పదగినదే గాని, ఒక భేదాన్ని గుర్తించాలి. బిస్మిల్లా ఖాన్ సాహెబు తన మేనమామ పెట్టిన దారిలో, తన భాష మాట్లాడే నగరంలో పెరిగినారు. చినమౌలానా సాహెబు పరభాషా దేశంలో, ఆ దేశంవారు తమ సొత్తుగా భావించే విద్యలో, వారి మెప్పును సంపాదించవలసి వచ్చింది. తంజావూరు రసికులు ఒక తెలుగు ముస్లిం విద్వాంసుని తమ బాణీకి ప్రతినిధిగా అంగీకరించారంటే ఆ విద్య ఎంత లోతైనదో ఊహించుకోవచ్చును.

గౌరవాలు వరుసగా వచ్చాయి. 1977లో భారత ప్రభుత్వం పద్మశ్రీ బిరుదుతో సత్కరించింది. కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం లభించింది. అమెరికా, జర్మనీ మొదలైన దేశాలలో కచేరీలు చేశారు. కర్ణాటక సంగీతంలో అత్యున్నతమైనదిగా భావించే మద్రాసు మ్యూజిక్ అకాడమీవారి సంగీత కళానిధి బిరుదు 1998లో వారిని వరించింది. ఆ తరువాత కొద్ది నెలలకే, 1999 ఏప్రిల్ 13న, శ్రీరంగంలో వారు పరమపదించారు.

బిరుదుల కంటె మిన్నగా చెప్పదగినది వారి పాఠశాల. 1982లో శ్రీరంగంలో శారదా నాదస్వర సంగీత ఆశ్రమాన్ని నెలకొల్పి, ఎందరికో విద్యాదానం చేశారు. విద్యాధిదేవత పేరు పెట్టుకున్న ఆ ఆశ్రమంలో గురువు ఒక మౌలానా. వారి మనుమలు కాశిం, బాబు ఆ విద్యను అందుకున్నారు. 2021లో పద్మశ్రీ పొందిన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులు వారి శిష్యులే. ఊపిరి బలం కావాలన్న సాకుతో స్త్రీలకు దూరంగా ఉంచిన వాద్యాన్ని ఒక ముస్లిం మహిళ చేపట్టి జాతీయ గౌరవం పొందడం ఆ గురుపరంపర ఔదార్యానికి నిదర్శనం.

మన కర్తవ్యం

ఇంత గొప్ప విద్వాంసుల నాదం రికార్డులలో, కాసెట్లలో, తరువాతి కాలపు డిస్కులలో భద్రంగానే ఉన్నది. కాని మన పల్లెల సన్నాయి సంగతి ఏమిటి? రామన్నపేట చుట్టుప్రక్కల పెళ్ళిలో, బోనాలలో, గ్రామదేవత కొలువులో మ్రోగే మేళాన్ని మేము వింటూనే ఉన్నాము. ఏడాదికేడాది మేళాలు తగ్గి, పెట్టె స్పీకర్లు పెరుగుతున్నాయి. ఆ వాద్యకారులకు బిరుదులు లేవు, రికార్డులు లేవు. వారితోపాటు వారి వరుసలు కూడా పోతాయి. 2016లో మన మండలం నల్లగొండ జిల్లా నుండి విడిపోయి యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరింది. కాగితాలపై హద్దులు మారినా ఈ నేల పాటలు మారలేదు. అవి పోకముందే పట్టుకోవడం చదువుకున్న యువకుల పని.

నేడు ప్రతి విద్యార్థి జేబులోని ఫోనులో ఆవగింజంత మైకు ఉన్నది. అది మనిషి మాట కోసం చేసినది. పెద్ద శబ్దం వచ్చినప్పుడు యంత్రం తనంతట తానే తగ్గిస్తుంది, ఆగినప్పుడు తానే పెంచుతుంది. అందువలన సన్నాయి ఎత్తుపల్లాలు చదునైపోతాయి. ఈ తగ్గింపు హెచ్చింపులను ఆపివేసే ఏర్పాటు దొరికితే ఆపాలి. మేళానికి ఎదురుగా చేయి చాచి నిలబడక, పది పన్నెండు అడుగుల దూరంలో, కొంచెం ప్రక్కగా, కదలని చోట ఫోనును నిలపాలి. ఆరుబయట దూరం రెట్టింపైన కొద్దీ శబ్దపు ఒత్తిడి సగమవుతుంది. కనుక రెండడుగులు వెనుకకు వేయడం కూడా ఒక సాధనమే. గాలి వీస్తుంటే పలుచని గుడ్డ కప్పాలి. ముందు ఒక్క నిమిషం రికార్డు చేసి విని, చెవికి గరగర తగిలితే మరికొంత వెనుకకు జరగాలి. డోలుతో కలిపి ఒకసారి, వీలైతే సన్నాయి ఒక్కటే మరొకసారి పట్టాలి. చివర వాద్యకారుని నోటనే ఆయన ఊరు, గురువు, వాయించిన వరుస, దానిని వాయించే సందర్భం చెప్పించి రికార్డు చేయాలి. దానికి ఆయన అనుమతి ముందుగా తీసుకోవాలి. ఆయన శ్రమకు తగిన ప్రతిఫలం కూడా ఇవ్వాలి. మేళగాడు అన్న చులకన మాట మన నోటి నుండి రాకూడదు.

పేరు మోసిన విద్వాంసునికీ, పేరులేని పల్లె వాద్యకారునికీ నడుమ ఉన్న దూరం ప్రతిభ దూరం మాత్రమే కాదు. ఒకరిని లోకం విన్నది, మరొకరిని వినలేదు. కరవదిలో పుట్టిన బాలుని సభలవారు, రేడియోవారు, రికార్డులవారు వినకపోయి ఉంటే ఆయన కూడా ఒక ఊరి మేళంలో ఒక సన్నాయిగానే మిగిలిపోయి ఉండేవాడేమో. శ్రద్ధగా వినే చెవి ఎంత అవసరమో, ఆ చెవి స్థానంలో మనం నిలిపే మైకును సరిగా నిలపడం కూడా అంతే అవసరం. ఈ మాటను మా విద్యార్థులు మనసున పెట్టుకొని, వచ్చే పెళ్ళిళ్ళ ముహూర్తాలలో ఒక్క సన్నాయి వరుసనైనా శ్రద్ధగా పట్టి కళాశాల గ్రంథాలయానికి అందజేయుదురు గాక.